నాది ఏ టైపు సార్? మూడు చీటీల్లో మూడు రకాల షుగర్ ఉన్న ఒక కేసు

వయసు 28. సెంట్రింగ్ పని. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుకు బరువెంత ఉందో చెప్పే లెక్క) 16.3. షుగర్ బయటపడి మూడేళ్లు. పల్నాడు వైపు పల్లె నుంచి తల్లినీ బావనీ వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో బట్టల షాపు కవరు, దాన్నిండా రిపోర్టులు. కూర్చోగానే అడిగిన మొదటి మాట: "సార్, ఇంతకీ నాది ఏ టైపు?"

ఆ ప్రశ్న ఊరికే రాలేదు. అప్పటికే ముగ్గురు డాక్టర్లు మూడు పేర్లు చెప్పారు. ప్రతి పేరుతోనూ మందులు మారాయి. బావ ఫోన్‌లో ఏదో వీడియో చూసి నాలుగో పేరు కూడా పట్టుకొచ్చాడు. పేషెంట్ అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆనవాలు దొరికే వివరాలు మాత్రం మార్చాను.

కవర్లోని మూడు చీటీలు

మొదటి చీటీలో టైప్ 2, అంటే పెద్దవాళ్లలో మామూలుగా చూసే రకం అని ఉంది. 25 ఏళ్లప్పుడు బరువు తగ్గిపోతున్నాడని, రాత్రిళ్లు నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తున్నాడని చూపిస్తే ఫాస్టింగ్ 286, తిన్నాక 418 వచ్చాయి. తల్లికి 45 ఏళ్లకు షుగర్ వచ్చింది, ఇప్పటికీ మాత్రల మీదే నెట్టుకొస్తోంది. ఇంట్లో ఉన్న జబ్బే వీడికి కాస్త ముందొచ్చింది అనుకుని మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు రాశారు. ఆరు నెలలు వాడినా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 12 కిందికి దిగలేదు.

రెండో చీటీలో టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారీయే ఆగిపోయే రకం. సన్నటి మనిషి, చిన్న వయసు, మాత్రలకు లొంగడం లేదు. సొంత ఇన్సులిన్ ఎంతుందో చెప్పే సీ-పెప్టైడ్ పరీక్ష పరగడుపున చేయిస్తే 0.5 వచ్చింది, అంటే బాగా తక్కువ. ఇన్సులిన్ చేసే కణాల మీద శరీరమే దాడి చేస్తోందా అని చూసే గాడ్ యాంటీబాడీ 14 వచ్చింది. ఆ ల్యాబులో 10 దాటితే పాజిటివ్. ఇక అనుమానం ఎందుకని రెండు పూటలా 30/70 ఇన్సులిన్ మొదలుపెట్టారు.

మూడో చీటీ ఇంకో ఏడాది తర్వాతది. చెల్లెలి పెళ్లి హడావుడిలో కుర్రాడు పది రోజులు ఇన్సులిన్ ఎగ్గొట్టాడు. తర్వాత చూసుకుంటే షుగర్ 460, కానీ మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ లేక కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) 'ట్రేస్', అంటే లేశమాత్రమే. ఆ డాక్టరు గారు ఇది గమనించారు. అసలైన టైప్ 1 మనిషి పది రోజులు ఇన్సులిన్ లేకుండా ఉంటే ఐసీయూలో ఉండాలి, ఇతను నడిచొచ్చాడు. యాంటీబాడీ పాజిటివ్ ఉంది, కీటోన్లు లేవు. కాబట్టి నెమ్మదిగా నడిచే టైప్ 1, అంటే లాడా అన్నారు. ఇన్సులిన్ తగ్గించి సిటాగ్లిప్టిన్ అనే షుగర్ మాత్ర కలిపారు. లాడాకి మామూలుగా చూసే వయసు 30 పైన. అయినా ఆ ఆలోచనలో తర్కం ఉంది.

ముగ్గురినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఎవరి ముందున్న కాగితాన్ని బట్టి వాళ్లు సబబుగానే ఆలోచించారు. కాకపోతే ముగ్గురూ షుగర్ వచ్చిన రోజు నుంచే కథ మొదలుపెట్టారు. ఈ కథ అంతకు పద్నాలుగేళ్ల ముందే మొదలైంది.

సన్నగా ఉంటే టైప్ 1 అనుకోవడం

మన దగ్గర ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది. తెల్లవాళ్ల పుస్తకాల్లో టైప్ 2 మనిషి లావుగా ఉంటాడు. మన ఓపీలో బీఎంఐ 21, 22 ఉన్న టైప్ 2 వాళ్లు రోజూ కనిపిస్తారు. అందుకే భారతీయులకు అధిక బరువు గీత 23 దగ్గరే గీశారు. అయితే 16.3 అనేది 'సన్నగా ఉన్నాడు' అని వదిలేసే సంగతి కాదు. షుగర్ అదుపులో లేకపోతే ఎవరైనా చిక్కిపోతారు, నిజమే. ఇన్సులిన్ పడ్డాక మళ్లీ కాస్త ఒళ్లు చేయాలి కదా? రెండేళ్లు ఇన్సులిన్ వేసుకున్నా ఇతను రెండు కిలోలు కూడా పెరగలేదు.

తల్లిని అడిగాను. "చిన్నప్పటి నుంచీ ఇంతే సార్. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. వీడి ఈడు పిల్లలు ఇద్దరు తినేంత ఒక్కడే తింటాడు" అంది.

తిన్నది ఒంటికి పట్టడం లేదంటే ఎక్కడో అరగడం లేదు. అక్కడి నుంచి ప్రశ్నలు మార్చాను.

"చిన్నప్పుడు కడుపునొప్పి ఏమన్నా ఉండేదా?"

"లేదు సార్" అన్నాడు కుర్రాడు.

తల్లి ఊరుకోలేదు. "లేదంటావేంట్రా! ఆరో తరగతిలో సగం రోజులు బడికే పోలేదు." ఇక ఆమె ఆగలేదు. నొప్పి వస్తే మోకాళ్లు ముడుచుకుని, దిండు పొట్టకు అదుముకుని ముందుకు వంగి కూర్చునేవాడట. వెల్లకిలా పడుకోనిచ్చేది కాదట. రెండు మూడు రోజులు పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టుకునేవాడు కాదు. నులిపురుగుల మందు వేశారు, ఆర్‌ఎంపీ గారి చేత ఇంజక్షన్లు వేయించారు, దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. తర్వాత అది 'గ్యాస్' అయింది. ఏళ్ల తరబడి పరగడుపున గ్యాస్ మాత్ర. ఇరవై దాటాక నొప్పి దానంతట అదే తగ్గింది. తాయెత్తు పనిచేసిందనే ఆమె నమ్మకం.

ఆ నమ్మకం జోలికి నేను పోలేదు. కానీ చాలా ఏళ్లు వేధించిన క్లోమం (ప్యాంక్రియాస్, జీర్ణరసాన్నీ ఇన్సులిన్‌నీ తయారుచేసే గ్రంథి) నొప్పి యుక్తవయసులో మెల్లగా చల్లబడడం ఈ జబ్బు నడకలో ఒక మెట్టు. గ్రంథి ఎండిపోతున్నకొద్దీ కొందరిలో నొప్పి తగ్గుతుంది, ఆ వెనకే షుగర్ వస్తుంది.

ఆ తర్వాతి ప్రశ్నకు తల్లినీ బావనీ బయట కూర్చోమన్నాను. మల విసర్జన గురించి అమ్మ ముందు, బావ ముందు ఏ కుర్రాడూ నిజం చెప్పడు. 'నూనె విరేచనాలు అవుతున్నాయా' అని అడిగినా ఎవరూ అవుననరు. నీళ్ల లెక్క అడగాలి. "లెట్రిన్‌కి వెళ్లాక ఎన్ని చెంబులు పోస్తే పోతుంది బాబూ?"

కాసేపు నేల చూపులు చూసి చెప్పాడు. "బకెట్ పోసినా అంటుకునే ఉంటది సార్. పైన నూనె తెట్టు లాగా తేలుద్ది. బిర్యానీ తిన్న రోజైతే మరీ. వాసన కూడా ఎక్కువే. అందుకే సైట్‌లో ఉన్నప్పుడు దూరంగా వెళ్తా." ఎప్పటి నుంచి అంటే గుర్తులేదన్నాడు. అందరికీ అంతేనేమో అనుకున్నాడట.

బయటికొచ్చాక బావ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "మందు తాగుతాడు సార్, అదే అసలు కారణం" అన్నాడు. తాగుతాడు, నిజమే. మొదలుపెట్టింది 21 ఏళ్లకు, పని వాళ్లతో కలిసి. కడుపునొప్పి మొదలైంది 11 ఏళ్లకు. పదేళ్ల తర్వాత పట్టిన సీసా పదేళ్ల ముందు జబ్బుకు కారణం కాలేదు. మానాలి, అది వేరే సంగతి. దానికి మళ్లీ వస్తాను.

ఎక్స్‌రే

నేను రాసిన మొదటి పరీక్ష పొట్టకు మామూలు ఎక్స్‌రే. ఆ కవర్లో ఉన్న యాంటీబాడీ రిపోర్టు ఖరీదులో ఇది చిన్న భాగం. ఫిల్మ్ పెట్టగానే, నడుం దగ్గర మొదటి రెండు పూసల మీదుగా అడ్డంగా, ఎడమ పైకి సాగుతూ తెల్లటి పలుకులు. కొన్ని శనగ గింజంత. క్లోమం ఉండే చోటు అదే. ఫిల్మ్ మీద వేలు పెట్టి చూపిస్తే కుర్రాడు "కిడ్నీలో రాళ్లా సార్?" అన్నాడు.

ఇక్కడ ఒక మాట. అతని కవర్లో రెండు అల్ట్రాసౌండ్ రిపోర్టులు ఉన్నాయి. రెండింట్లోనూ లివర్, కిడ్నీలు అన్నీ నార్మల్, క్లోమం దగ్గర మాత్రం 'పేగుల్లో గ్యాస్ వల్ల సరిగా కనిపించలేదు' అని రాసుంది. ఆ వాక్యాన్ని మనమందరం నార్మల్ అని చదువుకుంటాం. కనిపించలేదంటే చూడలేదనే కదా.

సీటీలో మిగతాది తేలింది. గ్రంథి కుంచించుకుపోయింది. మామూలుగా మూడు మిల్లీమీటర్ల దగ్గర ఉండాల్సిన నాళం తొమ్మిది మిల్లీమీటర్లకు ఉబ్బింది, నాళం నిండా రాళ్లు. గడ్డ ఏమీ లేదు. మలంలో ఎలాస్టేజ్ (క్లోమం నుంచి వచ్చే ఎంజైమ్) 42. ఇది 200 పైన ఉండాలి, 100 లోపు అంటే జీర్ణరసం తీవ్రంగా తగ్గినట్టు. విటమిన్ డి 9, బాగా తక్కువ. విటమిన్ ఎ పరీక్ష చేయించలేదు గానీ, చీకటి పడ్డాక బండి నడపలేకపోతున్నానని అతనే అన్నాడు, రేచీకటి ఆ విటమిన్ లోపానికి గుర్తు.

చిన్నతనంలో మొదలైన కడుపునొప్పి, క్లోమం నాళంలో పెద్ద రాళ్లు, జిడ్డు విరేచనాలు, ఆ తర్వాత షుగర్. తాగుడు, కాల్షియం ఎక్కువ కావడం లాంటి వేరే కారణమేదీ లేదు. దీన్ని ఫైబ్రోకాల్క్యులస్ ప్యాంక్రియాటిక్ డయాబెటిస్ అంటారు, పొట్టిగా ఎఫ్‌సీపీడీ. క్లోమం జబ్బు వల్ల వచ్చే షుగర్లన్నిటినీ కలిపి టైప్ 3సి అని కూడా పిలుస్తారు. ఇండోనేషియాలో జుయిడెమా అనే డాక్టరు 1959లో ఇలాంటి పేషెంట్ల గురించి రాశాడు. ఆ తర్వాత కేరళలో గీవర్గీస్ గారు వందలాది కేసులు పోగేశారు. అక్కడ కర్రపెండలం ఎక్కువగా తింటారు కాబట్టి దాంట్లోని సైనైడ్ పదార్థాలే కారణమని చాలాకాలం అనుకున్నారు. కర్రపెండలం రోజువారీ తిండి కాని చోట కూడా జబ్బు కనిపించడంతో ఆ మాట నిలబడలేదు. హైదరాబాద్ సీసీఎంబీలో గిరిరాజ్ చందక్ బృందం 2002లో స్పింక్1 అనే జన్యువులో మార్పుకూ దీనికీ సంబంధం ఉందని చూపించింది. మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ క్లోమంలోనే ముందుగా రాజుకోకుండా ఆపే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువది. ఆ మార్పు ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, జబ్బున్న వాళ్లందరిలో ఆ మార్పూ ఉండదు. ఇతనికి ఆ పరీక్ష రాయలేదు, ఫలితం ఏదొచ్చినా వైద్యంలో మారేదేమీ లేదు.

"టైప్ 5 అంట కదా సార్"

బావ తెచ్చిన నాలుగో పేరు ఇది. అతన్ని కొట్టిపారేయలేను. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో జరిగిన మహాసభలో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య, పోషకాహార లోపంతో వచ్చే షుగర్‌కి టైప్ 5 అని పేరు పెట్టింది. సన్నటి కుర్రాడు, పేద కుటుంబం, కీటోన్లు లేని షుగర్. పైకి చూస్తే అచ్చం అదే.

నిజానికి ఈ రెండూ ఒకప్పుడు ఒకే గొడుగు కింద ఉండేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో 'పోషకాహార లోపంతో వచ్చే డయాబెటిస్' అనే తరగతి పెట్టి, అందులో రాళ్లున్న రకం ఒకటి, లేని రకం ఒకటి అని రెండు చేసింది. 1999లో ఆ తరగతినే తీసేసింది. రాళ్లున్నది క్లోమం జబ్బుల పద్దులోకి వెళ్లింది, రాళ్లు లేనిది పాతికేళ్లు ఏ పద్దులోనూ లేకుండా ఉండి ఇప్పుడు టైప్ 5గా తిరిగొచ్చింది. అంటే ఎవరికైనా టైప్ 5 అనే ముందు క్లోమంలో రాళ్లు లేవని తేల్చుకోవాలి. ఇతనికి తిండి దొరక్క ఒళ్లు తగ్గలేదు, తిన్నది బయటికి పోయి తగ్గింది. బావకు ఈ మాత్రం చెబితే అర్థమైంది. "అయితే వీడియోలో చెప్పింది మావాడికి కాదన్నమాట" అని కాస్త నిరుత్సాహపడ్డాడు కూడా.

ఇంకో పేరు నేనే ఆలోచించి పక్కన పెట్టాను. తరతరాలుగా 25 లోపే షుగర్ వచ్చే మోడీ (MODY) అనే రకం. తల్లికి 45కి వచ్చింది, అమ్మమ్మకీ తాతకీ లేదు. మోడీలో మనం ఎక్కువగా చూసే రకం కొద్దిపాటి గ్లిమిపిరైడ్‌కే దిగొస్తుంది. ఇతనికి పూర్తి డోసు కూడా పనిచేయలేదు.

మరి ఆ గాడ్ సంగతేంటి?

రాళ్లు కనిపించాక ఇదే అసలు చిక్కు. యాంటీబాడీ పాజిటివ్ ఉన్న రిపోర్టును చించి పారేయలేం కదా.

ముందు అంకె చూడాలి. గీత 10, ఇతనిది 14. టైప్ 1లో గాడ్ పాజిటివ్ అయినప్పుడు తరచూ గీతకు చాలా పైన ఉంటుంది. రెండోది, గీత ఎలా గీస్తారన్నది. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న వంద మందిలో తొంభై తొమ్మిది మంది కిందకొచ్చేలా గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని వందలో ఒకరు ఎటూ గీత దాటతారు. టైప్ 1 అని బలంగా అనుమానం ఉన్నవాడికి 14 వస్తే దానికి విలువ ఉంది. వేరే కారణం కళ్లముందు కనిపిస్తున్నవాడికి 14 వస్తే అంత విలువ ఇవ్వక్కర్లేదు. వేరే ల్యాబులో, వేరే పద్ధతిలో మళ్లీ చేయిస్తే నెగెటివ్ వచ్చింది. టైప్ 1లో చూసే మిగతా యాంటీబాడీలు, ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ కూడా నెగెటివ్.

సీ-పెప్టైడ్ కూడా మళ్లీ చూడాల్సి వచ్చింది. క్లోమం ఇన్సులిన్ తయారుచేసినప్పుడల్లా అంతే లెక్కలో సీ-పెప్టైడ్ కూడా వదులుతుంది. బయట నుంచి వేసుకునే ఇంజక్షన్‌లో అది ఉండదు. అందుకే మనిషి సొంత ఇన్సులిన్ ఎంతుందో దీంతో తెలుస్తుంది. 0.6 లోపైతే సొంత ఇన్సులిన్ దాదాపు అయిపోయినట్టు, 1.8 దాటితే టైప్ 1 కాకపోవచ్చు, మధ్యలోది ఎటూ తేల్చదు. ఇతని పాత 0.5 తీసిన రోజు షుగర్ 400 పైన ఉంది. అంత షుగర్‌లో ఇన్సులిన్ చేసే బీటా కణాలు మొద్దుబారి, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. పైగా అది పరగడుపు శాంపిల్. షుగర్ దారికొచ్చాక, భోజనం చేసిన రెండు గంటలకు తీయిస్తే 0.9, అప్పుడు షుగర్ 190. ఇదీ ఎటూ తేల్చని ఆ మధ్యలోదే. అయితే మూడేళ్ల తర్వాత కూడా కొంత మిగిలిందన్నది స్పష్టం.

ఆ మిగిలిన కొంతే అతన్ని పెళ్లి రోజుల్లో కాపాడింది. కీటోన్లు రాకుండా ఆపడానికి ఇన్సులిన్ చాలా తక్కువ చాలు. దానికి తోడు క్లోమంలో గ్లూకగాన్ (షుగర్ పడిపోతే పైకి లేపే హార్మోన్) తయారయ్యే కణాలు కూడా దెబ్బతిన్నాయి. గ్లూకగాన్ తక్కువైతే లివర్ కీటోన్ల తయారీ మందగిస్తుంది. ఒంట్లో కరగడానికి కొవ్వు కూడా పెద్దగా లేదు. మూడో డాక్టరు గారు గమనించింది సరైన విషయమే, దానికి వేరే వివరణ ఉంది.

పేరు మారాక వైద్యంలో మారినవి

ఇన్సులిన్ ఆపలేదు. ముందుగా ఇది చెప్పాలి, ఎందుకంటే 'టైప్ 1 కాదు' అని వినగానే తల్లి "అయితే ఇంజక్షన్లు మానేయొచ్చా బాబూ?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. రెండు రకాలు కలిపిన ఆ 30/70 ఇన్సులిన్ మాత్రం తీసేశాను. అందులో మధ్యాహ్నం అన్నం వేళకు కట్టుబడి ఉండాలి. స్లాబ్ వేసే రోజు కాంక్రీట్ అయ్యేదాకా ఎవరూ అన్నానికి కూర్చోరు. ఒకసారి సగం వేసిన స్లాబ్ మీదే చెమటలు పట్టి కూలబడ్డాడు, పక్కవాడు పట్టుకోకపోతే కిందికే. గ్లూకగాన్ లేని మనిషికి లో షుగర్ వస్తే శరీరం తనంతట తాను తేరుకోవడం కష్టం. రాత్రికి రోజంతా నెమ్మదిగా పనిచేసే గ్లార్జిన్ ఇన్సులిన్ 10 యూనిట్లు, మూడు పూటలా తినే ముందు 5, 5, 4 యూనిట్లు తొందరగా పనిచేసే రెగ్యులర్ ఇన్సులిన్. అన్నం ఆలస్యమైతే ఆ పూట ఇంజక్షన్ కూడా ఆలస్యం. జేబులో గ్లూకోజ్ పొడి తప్పనిసరి. ఫాస్టింగ్ 140 లోపు ఉంటే చాలన్నాను, 100 లోపు అక్కర్లేదు.

సిటాగ్లిప్టిన్ ఆపేశాను. క్లోమం వాపు చరిత్ర ఉన్నవాళ్లకు ఆ కుటుంబం మందులు వద్దు. బరువు తగ్గించి, షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు తెచ్చే అవకాశమున్న గ్లిఫ్లోజిన్లు (షుగర్‌ని మూత్రంలో బయటికి పంపే మాత్రలు) కూడా ఇలాంటి మనిషికి పనికిరావు. చీటీ మీద పెద్ద అక్షరాల్లో ఇది రాసిచ్చాను, రేపు ఇంకో ఊళ్లో చూపించుకుంటాడు కదా.

అసలు మార్పు ఎంజైమ్ క్యాప్సూల్స్. మూడు పూటలా భోజనంతో, 25,000 యూనిట్ల లైపేజ్ (కొవ్వును అరిగించే ఎంజైమ్) ఉన్నవి రెండేసి. మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఒకటి. తిన్నాక వేసుకుంటే డబ్బు దండగ. ఒకటి గుర్తుంచుకోవాలి. ఇవి మొదలుపెట్టాక తిన్న అన్నం నిజంగా అరగడం మొదలై షుగర్ పెరుగుతుంది. ముందే చెప్పినా కుర్రాడు టెన్షన్ పడి ఫోన్ చేశాడు: "సార్, ఈ బిళ్లలు వేసుకుంటే తిన్నాక 300 వస్తోంది, ఆపేయనా?" ఆపొద్దు, భోజనం ముందు ఇన్సులిన్ రెండేసి యూనిట్లు పెంచు అన్నాను. విరేచనం గట్టిపడిందా అని అడిగితే నవ్వాడు. అర బకెట్‌తో పోతోందట.

తిండి విషయంలో ఇంట్లో అందరూ కలిసి షుగర్ పథ్యం పెట్టారు. అన్నం కొలిచి, నూనె తీసేసి, గుడ్డు వారానికొకటి. 46 కిలోల మనిషికి ఈ పథ్యం శిక్ష. రోజూ రెండు గుడ్లు, పప్పు, పెరుగు, మామూలుగా వండిన కూర తినమన్నాను. తల్లి నమ్మడానికి కాస్త సమయం పట్టింది. విటమిన్ డి పొడి, ఎ మాత్రలు కలిపాం.

మందు, బీడీ రెండూ మానాలి. కారణం కాకపోయినా ఉన్న కాస్త గ్రంథిని అవి కాల్చేస్తాయి. ఈ జబ్బులో క్లోమం క్యాన్సర్ మామూలు జనం కంటే ఎక్కువగా వస్తుంది, పొగ తాగితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. మళ్లీ నొప్పి మొదలైనా, షుగర్ బాగున్నా బరువు తగ్గినా, కళ్లు పచ్చబడినా ఆగకుండా రావాలని బావకు కూడా చెప్పాను. బీడీ మానాడు. మందు 'దాదాపు' మానాడట, ఆ దాదాపు నాకు నచ్చలేదు. గ్యాస్ట్రో డాక్టరు గారు చూసి, ఇప్పుడు నొప్పి లేదు కాబట్టి షాక్ వేవ్‌తో రాళ్లు పగలగొట్టే తొందర లేదన్నారు. రాళ్లు తీసేస్తే షుగర్ పోతుందా అన్నది వాళ్ల ఆశ. పోదు.

ఎనిమిది నెలల తర్వాత బరువు 52. హెచ్‌బీఏ1సీ 7.9. స్లాబ్ మీద మళ్లీ పడలేదు. మధ్యలో ఒక నెల, పని లేనప్పుడు, క్యాప్సూల్స్ ఖరీదు భరించలేక పూటకొకటి చేశాడు, విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. ఆ నెల రాత్రి పూట లో షుగర్ కూడా వచ్చింది. అరగని పూట ఇన్సులిన్ మాత్రం పూర్తిగా పడింది మరి. ఇప్పుడు డబ్బు తక్కువైన నెలలో ఏ పూట తగ్గించాలో, దానికి తగ్గట్టు ఇన్సులిన్ ఎంత తగ్గించాలో కాగితం మీద రాసిచ్చాను.

మొన్న వచ్చినప్పుడు అక్క కూడా వచ్చింది, తొమ్మిదేళ్ల కొడుకును తీసుకుని. పిల్లాడికి నెలకోసారి కడుపునొప్పి, 'గ్యాస్' అన్నారట. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువ మందికి వస్తుంది. స్కానింగ్‌కి పంపాను, క్లోమం కనిపించకపోతే పరగడుపున మళ్లీ చేయమని చీటీలోనే రాసి.

అతని ఫైలు మీద ఇప్పుడున్న మాట: 'ఎఫ్‌సీపీడీ, ఇన్సులిన్ తప్పనిసరి, గాడ్ ఒకసారి స్వల్పంగా పాజిటివ్, మళ్లీ చేస్తే నెగెటివ్'. గాడ్ గురించిన భాగం కావాలనే ఉంచాను. రాళ్లున్నంత మాత్రాన టైప్ 1 రాకూడదని రూలేమీ లేదు. ఏడాదికోసారి భోజనం తర్వాత సీ-పెప్టైడ్ చూస్తాం. అది 0.9 దగ్గరే నిలిచినా, గ్రంథి ఎండేకొద్దీ మెల్లగా జారినా ఈ పేరు సరిపోతుంది. ఒక్కసారిగా 0.6 కిందికి పడిపోయి, ఇన్సులిన్ తప్పిన రోజు కీటోన్లు గట్టిగా కనిపిస్తే మాత్రం యాంటీబాడీలు మళ్లీ చేయించాలి. ఇంట్లో కీటోన్ స్ట్రిప్పులు పెట్టుకోమన్నాను. జ్వరం వచ్చినా, వాంతులైనా చూసుకుని ఫోన్ చేస్తాడు.